పాత జాడీ అయ్యేదాకా

పరబ్రహ్మంగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే, ఆయన ముందు గొడుగు కోసం వెతుక్కునేవారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టిందే గానీ తపస్సు చేసి తెచ్చుకున్నది కాదు. మా గోదావరి వైపు అదే పేరుతో కొబ్బరికాయల వ్యాపారం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. కాలవగట్టు మీద రెండు గదుల పెంకుటిల్లు, ముందు తాటాకు పందిరి, అదే ఆశ్రమం. వచ్చినవాడు ప్రశ్న అడుగుతాడు. ఈయన గొడుగు తీసి, చెప్పులు తొడుక్కుని, "చిన్న పనుంది, పద వెళ్ళొద్దాం" అంటారు. ఆ పని నిజంగానే ఉండేది. వచ్చినవాళ్ళలో సగం మంది జవాబు రాలేదనుకుని మళ్ళీ కనపడేవారు కాదు. తక్కిన సగంలో కూడా వచ్చిందని గట్టిగా చెప్పగలవాళ్ళు తక్కువే, నన్నడిగితే. నేను ఆ పందిరి కింద చాలాకాలం కూచున్నవాణ్ణి. అడిగినదానికి నోటితో చెప్పేస్తే ఏం పోయిందని ఆయన మీద విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ ఏడాది రోహిణి ఎండలు మాడ్చేస్తున్నాయి. మరమ్మతుల కోసం కాలవలు కట్టేసిన రోజులవి. కాలవ అడుగున బురద పగుళ్ళిచ్చి, చచ్చిన చేపల కంపు గట్టు మీదికి కొడుతోంది. అలాంటి ఒక పొద్దున్న గవర్రాజు వచ్చాడు. గవర్రాజు బస్సు డిపోలో మెకానిక్కు. నలభై దాటి కొన్నేళ్ళయినవాడు. ఆదివారం ఆదివారం వచ్చి, పందిరి గుంజకి ఆనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూచుని వెళ్ళడం అతని అలవాటు. ఆ రోజు ఆదివారం కాదు. ఒంటిమీద డ్యూటీ ఖాకీ చొక్కా, ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో అన్నం క్యారేజీ.

"అయ్యగారూ, నేనింక ఇంటికెళ్ళనండి. ఇక్కడే ఉండిపోతాను. పందిరి ఊడుస్తాను, నీళ్ళు తోడతాను, మీరేం చెబితే అది చేస్తాను" అన్నాడు.

"ఇంట్లో చెప్పావా?" అన్నారు గురువుగారు.

"డ్యూటీకని చెప్పి వచ్చానండి. మా ఆవిడ నూకరత్నం రోజూ లాగే క్యారేజీ కట్టిచ్చింది. పట్టుకొచ్చేశాను."

గురువుగారు క్యారేజీ వైపు ఒకసారి చూశారు. గవర్రాజు నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. "పొద్దున్నే లేస్తానండి. డిపోకెళ్తాను. బస్సు కిందకి దూరతాను, బయటకొస్తాను, ఇంకో బస్సు కిందకి దూరతాను. ఇంటికొచ్చి తింటాను, పడుకుంటాను. పిల్లల చదువులు ఒడ్డెక్కాక సుఖంగా ఉందాం అనుకున్నాను. తరవాత మా అమ్మ మంచం పట్టింది, ఆ గండం గట్టెక్కాక చూద్దాం అనుకున్నాను. అదయ్యాక ఇల్లు కారుతోంది. ఒకటయితే ఇంకోటి. మొన్న గెడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే నాకు తెలిసిపోయిందండి, ఇవి అవ్వవు. నేనే అయిపోతాను. ఈ చాకిరీకి అవతల మనిషికి సంతోషమనేది ఉందా, లేదా? ఉంటే ఎక్కడుంది? లేదంటే లేదని చెప్పెయ్యండి, బాధపడను."

ఏడుస్తూ చెబితే నాకంత భయం వేసేది కాదు. పాడైపోయిన సామాను గురించి పై మేస్త్రీకి చెప్పుకున్నట్టు చెప్పాడు. ఇంట్లో ఆ ఇల్లాలు సాయంత్రానికి అన్నం వండి ఎదురుచూస్తుంది, ఇతను రాడు. ఆ సంగతి అతనికి పట్టినట్టే లేదు. గురువుగారు ఉండమంటే ఆ సంసారం ఆ పూటతో రెండు ముక్కలు. పొమ్మంటే ఇతను ఇంటికి పోతాడో, కాలవలో నీళ్ళు వదిలేదాకా ఆగి ఇంకెక్కడికి పోతాడో నాకు నమ్మకం లేదు. నేను గురువుగారి మొహం వైపు చూశాను. ఆయన గొడుగు కోసం వెతుక్కుంటున్నారు.

"లాకుల దగ్గర కొండలరావుని పరామర్శించాలి. దినాలు కూడా అయిపోయాయి, నేనే ఆలస్యం చేశాను. మీరిద్దరూ రండి" అన్నారు.

"సంచి ఇక్కడ పెట్టెయ్యనాండీ?" అన్నాడు గవర్రాజు.

"తెచ్చుకో. ఎక్కడుంటావో ఇంకా తేలలేదుగా."

గట్టు మీద నడిచాం. కొండలరావు లాకుల దగ్గర లస్కరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూడడం అతని ఉద్యోగం. పెళ్ళికి ముందు చేరినవాడు, ఇంకొక్క ఏడాదిలో దిగిపోతాడు. పిల్లల్లేరు. భార్య మంగతాయారు చేతి ఆవకాయ అంటే లాకుల పేటంతా పేరు. ఎండలు ముదిరాయంటే ఆడవాళ్ళు కాయలు కొట్టించి పెట్టుకుని ఆవిడ కోసం వంతులు వేసుకునేవారు. ఆవిడ వచ్చి, నుంచునే కొంగు బిగించి, ఆవపిండీ ఉప్పూ కారం చేతి అంచనాతో పోసి కలిపి వెళ్ళేది. కలిపిన బేసిన్లో వేడన్నం వేసి పిసికి, ఇంటిల్లిపాదికీ తలా ఓ ముద్ద పెట్టుకోవడం మా వైపు ఇళ్ళలో ఒక పండగ లాంటిది. పండగ ఆ ఇళ్ళవాళ్ళకి. ఆవిడ అప్పటికే ఇంకో ఇంటి గుమ్మంలో ఉండేది. ఈ వేసవిలో కూడా అలాగే పేటంతా తిరిగింది, చివర్లో తన ఇంటి ఆవకాయ పెట్టుకుంది, మూడోనాడు తిరగేసి నూనె పోసి జాడీ మూతికి గుడ్డ కట్టింది. ఆ వారమే పోయింది.

మేం వెళ్ళేసరికి కొండలరావు అరుగు మీద కూచుని ఉన్నాడు. గురువుగారిని చూసి లేవబోయి, లేవలేక, స్తంభం పట్టుకున్నాడు. ఆయనే పక్కన చతికిలబడ్డారు.  చావు జరిగిన ఇంట్లో ఏం మాట్లాడతాం.

"మధ్యాన్నం కాస్త నడుం వాలుస్తానందండి" అన్నాడు కొండలరావు చివరికి. "సరే అన్నాను. లాకు తలుపుకి గ్రీజు పెట్టాలి, ఇంజనీరుగారు వస్తారు, వెళ్ళిపోయాను. వచ్చి టీ పెట్టమన్నాను. రెండుసార్లు అన్నాను. పలకలేదని కోప్పడ్డానండి. పోయిన మనిషిని కోప్పడ్డాను." గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. గవర్రాజు ఎండిన కాలవ వైపు చూస్తూ నుంచున్నాడు.

కొండలరావు అక్కగారు అప్పాయమ్మ వంటింట్లోంచి వచ్చింది. చావు కబురు విని వచ్చి, తమ్ముడికి వండి పెట్టే దిక్కు లేదని ఉండిపోయిన ముసలావిడ. మాట కరుకు. "వేళయింది, రెండు మెతుకులు తిని వెళ్ళండి బాబూ. మీరు కూచుంటే వీడు తింటాడు. లేకపోతే ఈ పూటా కంచం ముందు బొమ్మలా కూచుంటాడు" అంది. పరామర్శకి వెళ్ళి భోజనమేమిటని నేను నసుగుతుంటే గురువుగారు "పెట్టమ్మా" అన్నారు.

నలుగురం వరసగా కూచున్నాం. అరిటాకుల్లో పొగలు కక్కే అన్నం, పప్పు వడ్డించింది. వంటింటి మూల పీట మీద రెండు జాడీలున్నాయి. చిన్నది పాతది, పెద్దది కొత్తది. అప్పాయమ్మ పెద్ద జాడీ ముందు గొంతుకూచుని, మూతి మీద కట్టిన గుడ్డ ముడి విప్పబోయింది.

"అక్కా, అది కాదు. పాతది ఇంకా ఉంది" అన్నాడు కొండలరావు.

"ఏముందిరా అందులో? అడుగున నల్లబడ్డ నాలుగు టెంకలు, ఉప్పు. వచ్చినవాళ్ళకి అదా పెట్టేది?"

"పాతది అయ్యేదాకా కొత్త జాడీ గుడ్డ విప్పకూడదక్కా. అమ్మ పెట్టిన పద్ధతి. తాయారు ఏనాడూ తప్పలేదు."

అప్పాయమ్మ చెయ్యి ముడి మీదే ఉండిపోయింది. తరవాత మా వైపు తిరిగి, మాకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "మా అమ్మ కరువు చూసిన మనిషి బాబూ. పాతది ఉండగా కొత్తది ముట్టుకోనిచ్చేది కాదు. ఈ పిల్ల కాపరానికి వచ్చిననాడే ఆ మాట నేర్పింది. పాతది అయ్యేసరికి వానాకాలం వెళ్ళిపోయేది. అప్పుడు కొత్త జాడీ విప్పితే అదీ పాతదయ్యుండేది. నూనె కారిపోయి, ముక్క మెత్తబడి. మళ్ళీ వేసవి, మళ్ళీ కొత్త జాడీ, మళ్ళీ గుడ్డ కట్టడం. ఇలా ఎన్నేళ్ళు తిన్నారో వీళ్ళిద్దరూ. అమ్మ పోయి ఎంతకాలమయింది, అడిగేవాళ్ళెవరు? పెట్టెలో కొత్త చీరలూ అంతే. కట్టినవి చిరిగాక కట్టుకుంటాననేది. పాడె మీద ఒకటి కట్టాం, మడత మరక అలాగే ఉంది దాని మీద."

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా" అన్నాడు కొండలరావు.

"ఎందుకంటే నా నోరూరుకోక. కలిపిన బేసిన్లో ముద్ద పెట్టుకోవడం కూడా లేదు బాబూ ఈ ఇంట్లో. వేలితో గీరి, అదీ జాడీలోకే. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక్కి రాసుకునేది, అంతవరకే దానికి ప్రాప్తం." అంటూనే ముసలావిడ ముడి లాగేసింది. కొండలరావు అడ్డం రాలేదు. మూత తియ్యగానే ఆ గది మారిపోయింది. కొత్త ఆవపిండి ఘాటు, పప్పునూనె, పచ్చి మామిడి పులుపు కలిసిన వాసన. చావు జరిగిన ఇల్లని కూడా చూడకుండా నా నోట్లో నీళ్ళూరాయి. సిగ్గేసింది, కానీ ఊరాయి.

తలా ఓ ముక్క, ఓ గరిటెడు పిండీ నూనె వేసి, నెయ్యి పోసింది. నేను కలుపుకుని మొదటి ముద్ద తిన్నాను. దాని గురించి చెప్పడం నా వల్ల కాదు. ముక్క పళ్ళకింద కరుక్కుమంది, కారం ముక్కులోంచి నషాళానికి వెళ్ళింది, వెనకే పులుపు దాన్ని చల్లబరిచింది. అంతలో పక్కన కొండలరావు చెయ్యి ఆగిపోవడం చూశాను. ముద్ద మింగి, ఆకు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంకో ముద్ద తిన్నాడు. నెమ్మదిగా, పరాయి ఇంట్లో తిన్నట్టు తిన్నాడు. తలెత్తి అక్కని అడిగాడు.

"ఇదెవరు పెట్టారక్కా? ఎవరింటి నుంచి వచ్చింది?"

అప్పాయమ్మ గరిటె కింద పెట్టింది.  "నీ పెళ్ళాం పెట్టిందేరా. ఇప్పుడేగా నీ కళ్ళెదుట విప్పాను."

"తాయారు చేతిది ఇలా ఉండదే" అన్నాడు.

 తను అన్న మాట తనకే అప్పుడు వినపడినట్టుంది. పేటలో ప్రతి ఇంటికీ తెలిసిన చెయ్యి అది. ఎదురింటి పసిపిల్లలకి తెలుసు, రెండు సందుల అవతల వాళ్ళకి తెలుసు. మొగుడికి తెలీదు. కొండలరావు ఏడుపు మొదలుపెట్టాడు. శబ్దం లేదు. అన్నం మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి, తింటూనే ఉన్నాడు. "ఇది పెట్టిననాడు బేసిన్లో ఓ ముద్ద కలిపిందక్కా. ఎప్పుడూ లేనిది. తినండీ అని దగ్గరికి తెచ్చింది. లాకు తలుపు గొలుసు తెగిందని కబురొస్తే చొక్కా వేసుకుంటున్నాను. తరవాత తింటాలే అన్నాను. తను కూడా తినలేదు. ఎదురింటి పిల్లలకి పెట్టేసింది" అన్నాడు.  గవర్రాజు ఆకులో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది.

తినడం అయ్యాక కొండలరావు చెయ్యి కడుక్కుని వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. జాడీ దగ్గరికి వెళ్ళి, అంచుకి అంటిన పిండిని వేలితో లోపలికి తోసి, మూత పెట్టి, గుడ్డ సాపుగా పరిచి ముడి వేశాడు. గట్టిగా, రెండు ముళ్ళు. లాకు తలుపుల తాళ్ళు కట్టి కట్టి అలవాటైన చేతులు.

"రాత్రికి చిన్న జాడీలోది పెట్టక్కా. కొంచెమే ఉంది, అయిపోనీ. తరవాత దీని సంగతి చూద్దాం" అన్నాడు.

అప్పాయమ్మ గురువుగారి వైపు చూసింది. ఆయన కొండలరావుకి ఏదైనా చెబుతారని నేనూ చూశాను. ఆయన గొడుగు తీసుకున్నారు. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కదా, చెప్పకుండానే గుమ్మం దిగి వచ్చేశాం. అరుగు మీద కొండలరావు మళ్ళీ అదే స్తంభానికి ఆనుకున్నాడు. ఆ మనిషి బతికినంతకాలం ఆ జాడీ గుడ్డ మళ్ళీ ఎవరైనా విప్పారో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

వంతెన దగ్గర బస్సులు ఆగే చోటు ఉంది. పైన రేకు, కింద సిమెంటు బల్ల. ఆశ్రమానికి వెళ్ళాలంటే అక్కణ్ణించి ఎడమకి తిరగాలి, గవర్రాజు ఊరి బస్సు కుడి నుంచి వస్తుంది. గురువుగారు ఎటూ తిరగకుండా బల్ల మీద కూచున్నారు. గవర్రాజు సంచీ, క్యారేజీ పక్కన పెట్టుకుని కూచున్నాడు. 

"గవర్రాజూ" అన్నారు గురువుగారు. "మీ ఇంట్లో ఇప్పుడు ఏ జాడీ నడుస్తోంది?"

గవర్రాజు తెల్లబోయాడు. "అదంతా మా ఆవిడ చూసుకుంటుందండి. ఏది పెడితే అది తినేస్తాను. బస్సు కింద కూచుని, చేతులకి గ్రీజు... నేను చూడనండి."

అనేసి క్యారేజీ వైపు చూశాడు. కాసేపు ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి భయపడ్డాడనే నాకు తోచింది. తరవాత ఒళ్ళో పెట్టుకుని, కొక్కెం తీసి, పై గిన్నె విప్పాడు. లోపల ఎర్రగా కలిపిన అన్నం. నూనె అంచులకి ఊరి మెరుస్తోంది. మీద ఒక మీగడ తరక, ఆ ఎండకి అప్పుడే పులిసి కరుగుతోంది. పక్కన ముక్క. దాని పచ్చదనం ఇంకా పోలేదు. దూరంగా కూచున్న నాకు కూడా ఆ వాసన తెలిసింది.

"కొత్తదేనండి" అన్నాడు గవర్రాజు.

"ఎన్నాళ్ళ నుంచి పెడుతోంది?"

"తెలీదండి." గిన్నెలోకే చూస్తున్నాడు. "ఈ వేసవి మొదట్నుంచే అయ్యుంటుంది. మీగడ... పాలు మా అమ్మకని పోయించుకుంటున్నాం. మీగడ తీసి నాకు పెడుతోందన్నమాట. ప్రతి వేసవికీ పెడుతోందేమోనండి. నాకు తెలీదు." చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు కూడా అడగలేదు. ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. రెండో ముద్ద తింటుంటే అతని భుజాలు కదిలాయి. పొద్దున్న పందిరి కింద అన్ని మాటలు చెప్పి ఏడవనివాడు, ఆ రేకు కింద అన్నం నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. గురువుగారు రోడ్డు వైపు చూస్తూ కూచున్నారు. నేనూ అటే చూశాను.

కుడివైపు నుంచి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. గవర్రాజు లేచాడు. సంచి ముందు లోపల సీటు మీద పడేశాడు. వెనక్కే వెళ్తున్నాడని అప్పుడు తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, ఒక చేత్తో ఊచ పట్టుకుని, గిన్నెలోకి చూశాడు. సగం అన్నం ఉంది. గిన్నె మీద గిన్నె పెట్టి కొక్కెం నొక్కేశాడు. శ్రద్ధగా, గట్టిగా.

"ఇప్పుడెళ్తే రెండో డ్యూటీకి అందుకోవచ్చండి. మిగతాది సాయంత్రం పనయ్యాక తింటాను, నిదానంగా" అన్నాడు.

కండక్టరు విజిల్ వేశాడు. గురువుగారు గొడుగు మడుస్తూ లేచి, బస్సు కదిలేలోగా దగ్గరికి వెళ్ళారు.

"సాయంత్రానికి పాసిపోతుంది, గవర్రాజూ" అన్నారు.